గేటు స్థితి సురక్షితం

మా కొత్తరేవుపేట మునిసిపల్ కమిషనర్ విశ్వమోహన్ గారు ఒక సోమవారం ఉదయం పదకొండు సెకన్లపాటు నోట మాట రాక కూర్చుండిపోయారు. తర్వాత మా ఊళ్ళో జరిగినదంతా ఆ పదకొండు సెకన్ల పుణ్యమే.

ఆ రోజు పై కార్యాలయం వారి వీడియో సమావేశం. తెర మీద చిన్న చిన్న గళ్ళలో డెబ్భై మంది కమిషనర్లు. పురపాలక ఆస్తుల భద్రత మీద సమీక్ష జరుగుతోంది. పెద్ద అధికారి జాబితా మీద వేలు జరుపుకుంటూ వచ్చి, మా ఊరి పేరు దగ్గర ఆపి, "మీ పార్కు గేటు ఈ క్షణాన తెరిచి ఉందా, మూసి ఉందా?" అని అడిగారు.

విశ్వమోహన్ గారు నిజాయితీపరులు. తెలియనిదాన్ని తెలుసని చెప్పడం ఆయనకు చేతకాదు. ఆయన ఆలోచిస్తూండగానే పక్క ఊరి కమిషనర్ మైకు నొక్కి, "మాది మూసే ఉంది సార్, పూర్తి నియంత్రణలో ఉంది" అని చెప్పి మెప్పు కొట్టేశారు. ఆ ఊళ్ళో అసలు పార్కే లేదని మాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

సమావేశం అవగానే నాకు కబురొచ్చింది. నేను మునిసిపాలిటీలో ఎలక్ట్రీషియన్ని. పేరు జగ్గారావు. వీధిదీపం దగ్గర్నుంచి కమిషనర్ గారి గదిలో కాలింగ్ బెల్లు దాకా కరెంటు పారే ప్రతి వస్తువూ నా బాధ్యతే.

"జగ్గారావ్, మన పార్కు గేటు ఏ క్షణంలో ఏ స్థితిలో ఉందో ఈ కుర్చీలో కూర్చుని నాకు తెలియాలి" అన్నారు ఆయన.

"పైడమ్మకి ఫోన్ చేస్తే చెబుతుంది సార్."

ఆయన నన్ను జాలిగా చూశారు. "పైడమ్మ ఒక వ్యక్తి. నాకు కావలసింది ఒక వ్యవస్థ."

పైడమ్మ మా పార్కు కావలి మనిషి. పార్కు మధ్యలో పెద్ద నుయ్యి ఉండటంతో ఊరంతా దాన్ని నూతి పార్కు అంటారు. పంతొమ్మిదేళ్ళుగా పొద్దున్న అయిదింటికి గేటు తీయడం, రాత్రి ఎనిమిదింటికి మూయడం, మధ్యలో మొక్కల సంగతి చూడటం ఆమె పని. గేటు పక్కనే చిన్న గదిలో ఉంటుంది. ఏ మొక్క ఏ సంవత్సరం ఎవరి చేతి మీదుగా వచ్చిందో ఆమెకు నోటికి వచ్చు. ఆఫీసు రికార్డుల్లో మాత్రం ఆ మొక్కలన్నీ కలిపి "పచ్చదనం, ఒకటి" అని ఉంటుంది.

వారం రోజుల్లో విద్యుదయస్కాంత తాళం వచ్చింది. మూరెడు పొడుగు ఇనుప దిమ్మ ఒకటి, అంతే పొడుగు ఇనుప బిళ్ళ ఒకటి. దిమ్మను గేటు స్తంభానికి, బిళ్ళను గేటుకు బిగించాలి. దిమ్మలో కరెంటు పారినంతసేపూ అది అయస్కాంతమై బిళ్ళను కరిచి పట్టుకుంటుంది. కరెంటు ఆగితే వదిలేస్తుంది. పట్టు అయిదువందల నలభై కిలోలని పెట్టె మీద రాసి ఉంది. నేను పైడమ్మ గదిలోంచి గేటు దాకా జానెడు లోతున కాలువ తవ్వించి, ప్లాస్టిక్ గొట్టంలో తీగ లాగాను. తాళానికి కరెంటు పంపే తీగలు రెండు, తాళం పడిందో లేదో ఆఫీసుకు చెప్పే తీగలు రెండు. గదిలో గోడకు ఒక ఆకుపచ్చ బటన్ పెట్టాను. అది నొక్కితే కరెంటు తెగి గేటు వదులవుతుంది.

పైడమ్మ నా పక్కన గొంతుక్కూర్చుని అంతా చూసింది.

"బాబూ, కరెంటు పోతే ఏటవుద్ది?"

"తాళం ఊడిపోతుంది."

"మనూళ్ళో కరెంటు రోజుకి నాలుగుసార్లు పోతాది గదా?"

"పోతుంది."

"మరి దీన్ని తాళమంతారేటి?" అని ఆమె నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

నేను ఈ మాటే కమిషనర్ గారికి విన్నవిస్తే, ఆయన బ్యాటరీ మంజూరు చేశారు. ఇంకొక విన్నపం కూడా చేశాను. బిళ్ళ దిమ్మకు అంటుకుని ఉందో లేదో చెప్పే సెన్సర్ తాళంలోనే ఉంటుంది గానీ, గేటు తెరిచి ఉందో మూసి ఉందో చెప్పడానికి వేరే సెన్సర్ ఒకటి పెట్టుకోవడం మంచిదన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"రెండు సెన్సర్లు రెండు రకాలుగా చెప్తే ఆఫీసు దేన్ని నమ్మాలి జగ్గారావ్? ప్రభుత్వానికి ఒకే నిజం ఉండాలి."

అలా ఒకే నిజంతో వ్యవస్థ మొదలైంది. ఆఫీసు రెండో అంతస్తులో జనన మరణాల విభాగాన్ని వరండాలోకి జరిపి, ఆ గదికి "గేటు స్థితి పర్యవేక్షణ కేంద్రం" అని బోర్డు పెట్టారు. గోడకు పెద్ద తెర. తాళం పడి ఉంటే తెరంతా పచ్చగా వెలిగి "స్థితి: సురక్షితం" అని చూపిస్తుంది. తాళం ఊడితే తెరంతా ఎర్రబడి "సంఘటన" అని చూపిస్తూ కూత పెడుతుంది. ఆ తెర ముందు కూర్చోవడానికి కూర్మారావు గారిని వేశారు. ఆయన అంతకుముందు ఇంటిపన్ను విభాగంలో సీనియర్ అసిస్టెంటు. పాతికేళ్ళ సర్వీసులో ఒక్క కాగితం కూడా అడ్డదిడ్డంగా పెట్టని మనిషి.

మొదటి రోజు తెల్లవారుజామున అయిదింటికి పైడమ్మ బటన్ నొక్కింది. తెర ఎర్రబడి కూసింది. కూర్మారావు గారు అదిరిపడి ఫోన్ తీశారు.

"పైడమ్మా, సంఘటన జరిగింది."

"ఏ సంఘటన బాబూ?"

"గేటు తెరుచుకుంది."

"నానే తీసినాను బాబూ. నడిసేవోళ్ళొచ్చారు."

"ఎందరు? ఎవరెవరు? ఏ నిమిత్తం?"

"నడవటానికండీ."

"నడవటం ఏ నిమిత్తం?"

పైడమ్మ ఫోన్ చేత్తో మూసి, ముందు నిలబడిన దాలినాయుడు మాస్టారిని అడిగింది. ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. "షుగరు అని చెప్పవే" అన్నారు. ఆ ప్రకారం సంఘటన నంబరు ఒకటి, సమయం అయిదూ రెండు, కారణం షుగరు అని కూర్మారావు గారు రిజిస్టరులో రాసుకున్నారు. గేటు మూసి తాళం పడితే గానీ కూత ఆగదు కనుక, ఒక్కొక్కరికీ తీసి మూయగా రాత్రి ఎనిమిదయ్యేసరికి సంఘటనలు రెండువందల పన్నెండు. వాటిలో నూట నాలుగు షుగరు, అరవై ఒకటి బీపీ, మిగతావి "గాలి" అనే శీర్షిక కింద వచ్చాయి. ఒక కొత్త జంట కారణం చెప్పడానికి సిగ్గుపడి వెనక్కి వెళ్ళిపోయింది. అది సంఘటన కాదు కాబట్టి ఎక్కడా రాయలేదు.

నెల తిరిగేసరికి సమీక్ష వచ్చింది. జిల్లాలోని గేట్లన్నిటి సంఘటనలనూ బారులు తీర్చి పటం గీశారు. మా బారు పటం దాటి పైకి పోయింది. పార్కు లేని పక్క ఊరికి సున్నా.

ఆ సాయంత్రమే కమిషనర్ గారు అందరినీ పిలిచారు. "మన గేటు అవసరానికి మించి తెరుచుకుంటోంది" అన్నారు. "సంఘటనల హేతుబద్ధీకరణ తక్షణావశ్యకత."

హేతుబద్ధీకరణ అంటే ఏమిటో మర్నాటి నుంచి తెలిసింది. ఒక్కొక్కరి కోసం గేటు తీయకూడదు. ముప్పై మంది పోగయ్యాక ఒకేసారి తీయాలి. పొద్దున్న అయిదున్నరకు లోపలికి, ఏడింటికి బయటికి. సాయంత్రమూ అలాగే రెండుసార్లు. ఈ మధ్యలో ఎవరికి ఏ అవసరం వచ్చినా ఆగాలి. ఒకరోజు ఇరవైతొమ్మిది మందే వచ్చారు. దాలినాయుడు మాస్టారు రోడ్డు మీద పోతున్న పాలాయన్ని బతిమాలి లోపలికి తీసుకెళ్ళారు. అతను పాలక్యాన్లతో సహా ఏడింటిదాకా లోపలే ఉండిపోయాడు. ఆ రోజు ఆ వీధివీధంతా కాఫీ లేదు.

సంఘటనలు రోజుకు నాలుగుకు తగ్గాయి. కమిషనర్ గారికి ఆనందమైంది. ఆ ఆనందంలోనే ఆయనకొక సందేహం కూడా వచ్చింది. నాలుగు మాత్రం ఎందుకు?

సరిగ్గా అప్పుడే పై కార్యాలయం వారు "శతదిన సురక్షిత ద్వార పత్రం" ప్రకటించారు. వంద రోజులు వరసగా ఒక్క సంఘటనైనా లేని గేటుకు పత్రం ఇస్తారు. ఆ గేటు ఉన్న ఊరు జిల్లాకు ఆదర్శమవుతుంది. దాంతో మర్నాడు పార్కు ముందు ఫ్లెక్సీ వెలిసింది. "ప్రజల సౌకర్యార్థం ఈ ఉద్యానవనం వంద రోజులపాటు మూసివేయడమైనది."

జనం రెండు రోజులు గొణిగి, మూడో రోజు నుంచి పార్కు గోడ చుట్టూ రోడ్డు మీద నడవడం మొదలుపెట్టారు. ఎటు చూసినా ఎనిమిదడుగుల గోడ. లోపలి చెట్ల గాలి గోడ మీదుగా వస్తూనే ఉంటుందని, ఆ గాలికి ఏ నిబంధనా అడ్డం లేదని దాలినాయుడు మాస్టారు అందరికీ ధైర్యం చెప్పారు.

పైడమ్మకు మాత్రం ధైర్యం ఎవరూ చెప్పలేదు. ఆమె గది తలుపు రోడ్డు వైపుకే ఉంది. గోడకవతల పంతొమ్మిదేళ్ళుగా పెంచిన మొక్కలు, ఇవతల ఆమె. లోపలికి వెళ్ళాలంటే గేటు తీయాలి. గేటు తీస్తే సంఘటన. ఆమె కూర్మారావు గారికి ఫోన్ చేసి, మొక్కలకు నీళ్ళెలా అని అడిగింది. ఆయన పైకి రాశారు. పైనుంచి నాలుగో రోజుకు జవాబొచ్చింది: "ద్వారస్థితికి భంగం వాటిల్లని రీతిలో నీరు పెట్టవలెను."

అంటే గోడ మీంచి. ఆమె వీధి కుళాయికి పైపు తగిలించి, స్టూలు ఎక్కి, గోడ మీంచి నీళ్ళు చిమ్మేది. గోడ దగ్గరి మందారాలకు అందేవి. మధ్యలో ఉన్న మడులకు అందేవి కావు. నేను అటు వెళ్ళినప్పుడల్లా ఆమె స్టూలు మీద మునివేళ్ళ మీద నిలబడి, పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి, నీళ్ళు ఇంకొక్క గజం దూరం పోతాయేమోనని చూస్తుండేది.

"కనకాంబరాలు ఎండిపోతన్నాయి బాబూ" అంది ఒకరోజు. "ఇక్కడికి వాసన తెలిసిపోతంది నాకు."

డెబ్భయ్యో రోజున ఆమెకు కాగితం వచ్చింది. నాచేత చదివించుకుంది. గేటు తెరవబడుట లేనందున, గేటు తెరుచు ఉద్యోగి ఆవశ్యకత లేదని గుర్తించడమైనదని, నూరవ రోజు సాయంత్రంతో ఆ పోస్టు రద్దగునని, గది ఖాళీ చేయవలెనని అందులో ఉంది.

"అంటే నానింటికెల్లిపోవాలా?"

"అవును."

"ఇదే ఇల్లు గదా బాబూ" అని నవ్వేసింది. ఆ నవ్వు చూసి నేను తల దించుకున్నాను. ఆ తీగ లాగింది నేనే మరి.

నూరో రోజు రానే వచ్చింది. తెర పచ్చగా మెరుస్తోంది. తొంభైతొమ్మిది రోజులు సంఘటన లేకుండా గడిచాయి. సాయంత్రం ఆరు దాటితే పత్రం మాదే. పరిశీలన కోసం రాజధాని నుంచి సువర్చల గారనే అధికారిణి మధ్యాహ్నం దిగారు. సన్నగా, చురుగ్గా ఉన్నారు. చేతిలో పదహారు కాలమ్‌ల ఫారం. అయిదూ పదికి ఆవిడకు తిరుగు రైలు.

"తాళాన్ని లోపలి వైపు నుంచి కూడా చూడాలండీ. పద్నాలుగో కాలమ్" అన్నారు ఆవిడ.

అందరం గేటు ముందు నిలబడి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. లోపలికి వెళ్ళాలంటే గేటు తీయాలి. కమిషనర్ గారు ఇలాంటి వేళ తడబడే మనిషి కారు. వీధిదీపాల విభాగం కుర్రాళ్ళచేత నిచ్చెన తెప్పించారు. నిచ్చెన గోడకు వేసి, గోడెక్కాక అదే నిచ్చెన అటు వైపుకు దించి, సువర్చల గారు, కమిషనర్ గారు, నేను, మమ్మల్ని పట్టుకోవడానికి పైడమ్మ, నలుగురం లోపలికి దిగాం. సువర్చల గారు చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని మా అందరికన్నా సునాయాసంగా దిగారు. ఆవిడ ఫోటో తీయబోతే వెనకాల నిచ్చెన కనిపించింది. సురక్షిత ఆస్తి ఫోటోలో గోడకు నిచ్చెన ఉండటం బాగోదని, కమిషనర్ గారు దాన్ని మళ్ళీ అవతలికి లాగేయమని కుర్రాళ్ళకు చెప్పారు.

లోపలికి అడుగు పెట్టగానే పైడమ్మ మమ్మల్ని మరిచిపోయింది. మూడు నెలల పైబడి ఆమె ఆ నేల తొక్కలేదు. నేరుగా కనకాంబరాల మడి దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఎండు పుల్లలు. ఒక్కొక్క మొదలూ గోటితో గీరి చూస్తోంది. లోపల ఎక్కడైనా పచ్చ కనిపిస్తే ఆ పక్కన చిన్న రాయి పెడుతోంది.

సువర్చల గారు తాళం చూశారు, కొలిచారు, రాసుకున్నారు. నాలుగున్నరకు ఫారం మడిచి, "పదండి" అన్నారు.

నిచ్చెన లేదు.

నేను గోడ ఇవతల నుంచి కేకేశాను. అవతల నుంచి దాలినాయుడు మాస్టారి గొంతు వినబడింది. "వాళ్ళు ఎల్లిపోయారయ్యా! ఆరో వార్డులో లైటు పోయిందట. ఫిర్యాదొచ్చిన అరగంటలో హాజరవ్వాలని కమిషనర్ గారి ఆర్డరుందట గదా!"

కమిషనర్ గారు తన ఉత్తర్వు అంత చక్కగా అమలవుతున్నందుకు సంతోషించాలో వద్దో తెలియక గొంతు సవరించుకున్నారు. నేను ఫోన్ చేశాను. కుర్రాళ్ళు స్తంభం మీద ఉన్నారు, ఆరు దాటుతుందన్నారు.

"పైడమ్మ గది కిటికీ ఊచల్లోంచి చెయ్యి పెడితే ఆ ఆకుపచ్చ బటన్ అందుతుంది గదా" అన్నారు సువర్చల గారు. "నొక్కితే గేటు తెరుచుకోదా?"

"తెరుచుకుంటుంది మేడమ్" అన్నారు కమిషనర్ గారు. "అదే సమస్య."

"నేనిక్కడ ఉండగా తెర ఎర్రబడితే నేను రాయకుండా ఉండలేనండీ."

"రాయవద్దని నేనెలా అంటాను?" అన్నారు ఆయన, కాస్త గంభీరంగా. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. దొంగ లెక్క రాయించే మనిషి కారాయన. ఆయన బాధంతా అసలు లెక్కతోనే.

ఆయన ఒక రాతి బెంచీ మీద కూర్చుని కూర్మారావు గారికి ఫోన్ చేసి, ఒక ఉత్తర్వు చెప్పి రాయించసాగారు. "ఉద్యానవనము లోపలి భాగమున చిక్కుకున్న అధికారులు, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు, ఉద్యానవనము వెలుపల ఉన్నట్లుగా పరిగణింపబడుదురు. రాసుకున్నారా?"

"రాశాను సార్. నంబరు వేశాను."

"చూశారా మేడమ్, నిబంధనల దృష్టిలో మనం ఇప్పుడు బయటే ఉన్నాం."

సువర్చల గారు వాచీ చూసుకున్నారు. "ఉత్తర్వు ఎక్కి రైలు అందుకోలేను కదండీ."

అప్పుడు పైడమ్మ చేతుల మట్టి దులుపుకుంటూ లేచి వచ్చింది. గేటు దగ్గర నిలబడి తాళం కేసి చాలాసేపు చూసింది. ఆ తాళం వల్లే ఆమె సాయంత్రం గది ఖాళీ చేయాలి. నేనైతే ఆ పెద్దమనుషులను లోపలే వదిలేసి కనకాంబరాలు చూసుకుంటూ కూర్చునేవాణ్ణి. ఆమెకు ఆ ఆలోచనే వచ్చినట్టు లేదు.

"జగ్గబాబూ, ఆ దిమ్మ బిళ్ళని వొదల్దు. అంతే గదా?"

"వదలదు. అయిదువందల నలభై కిలోలు."

"మరి ఆ బిళ్ళ గేటుని దేంతో పట్టుకుంది?"

"ఒక బోల్టు. వెనక నట్టు."

"ఒక్కటే?"

"ఒక్కటే" అన్నాను.

"ఆ నట్టు ఇప్పితే ఏటవుద్ది?"

నేను సంచీలోంచి పానా తీశాను. కమిషనర్ గారు లేచి నిలబడ్డారు. సువర్చల గారు పెన్ను తీశారు. నట్టు రెండు చుట్లు బిగుతుగా, మిగతా చుట్లు వదులుగా తిరిగి నా అరచేతిలో పడింది. పైడమ్మ గేటు పట్టుకుని మెల్లగా లాగింది.

గేటు తెరుచుకుంది.

బిళ్ళ మాత్రం దిమ్మను కరుచుకునే ఉంది. బోల్టు ఒక్కటీ బయటికి పొడుచుకుని కనిపిస్తోంది. గేటు కిర్రుమంటూ వెళ్ళి గోడకు తగిలి ఆగింది. అవతల రోడ్డు, రోడ్డు మీద దాలినాయుడు మాస్టారు, ఆయన వెనక గోడ చుట్టూ తిరుగుతున్న పాతికమంది. ఎవరూ కదల్లేదు. అందరం కూత కోసం ఎదురుచూస్తున్నాం, అది మోగేది ఫర్లాంగు దూరంలోని ఆఫీసులో అని తెలిసి కూడా.

కమిషనర్ గారు ఫోన్ చేసి, స్పీకరు పెట్టారు. "కూర్మారావ్, తెర ఎలా ఉంది?"

"పచ్చగా ఉంది సార్."

"ఇప్పుడే చూసి చెబుతున్నారా?"

"వంద రోజులుగా చూస్తూనే ఉన్నాను సార్. ఈ రోజు మరీ నిశ్చలంగా ఉంది. మామూలుగా గాలికి గేటు ఊగి పచ్చ కాస్త రెపరెపలాడేది. ఇప్పుడు అదీ లేదు."

ఆ మాట పూర్తి కాకుండానే దాలినాయుడు మాస్టారు లోపలికి ఒక అడుగు వేశారు. తెర ఏమీ అనలేదని నిర్ధారించుకుని రెండో అడుగు వేశారు. ఆ వెనక పాతికమందీ బిలబిలమంటూ వచ్చేశారు. కారణం చెప్పకుండా వెనక్కి వెళ్ళిన కొత్త జంట కూడా వాళ్ళలో ఉంది. కమిషనర్ గారి ఎదురుగానే జనం పార్కంతా పరుచుకున్నారు. కూర్మారావు గారు ఫోన్‌లో "సురక్షితం సార్, సురక్షితం" అంటూనే ఉన్నారు.

కమిషనర్ గారు సువర్చల గారి వైపు తిరిగారు. పాపం, ఆయన మొహం పరీక్ష ఫలితాలు చూసుకునేవాడి మొహంలా ఉంది.

ఆవిడ ఫారం మొదటి నుంచి చివరిదాకా ఇంకోసారి చదివారు. "తాళం పడి ఉందా, అని పదకొండో కాలమ్. పడే ఉంది, నేను కళ్ళారా చూస్తున్నాను. తెర మీద స్థితి ఏమిటి, పన్నెండు. సురక్షితం. సంఘటనలు, పదమూడు. లేవు." ఆవిడ కాగితం వెనక్కి తిప్పి చూశారు. "గేటు తెరిచి ఉందా అని ఎక్కడా అడగలేదండీ."

"మేము ఒకే నిజం మీద నడుస్తాం మేడమ్" అన్నారు కమిషనర్ గారు మెల్లగా.

ఆవిడ పెదవి కొసన నవ్వు ఒకటి మెరిసి మాయమైంది. సంతకం చేసి, కుచ్చెళ్ళు సవరించుకుని, గేటులోంచి దర్జాగా నడిచి వెళ్ళారు. రైలు అందిందని తర్వాత కబురు పంపారు.

పదిహేను రోజులకు శతదిన సురక్షిత ద్వార పత్రం వచ్చింది. దాన్ని ఆఫీసు మెట్ల దగ్గర అద్దం కట్టించి పెట్టారు. నట్టు తిరిగి బిగించాలా అని నేను అడిగితే, కమిషనర్ గారు ఒక పూటంతా ఆలోచించారు. బిగిస్తే గేటు మూయాలి, లేదా ఎరుపు చూడాలి. బిగించకపోతే తెర పచ్చగానే ఉంటుంది, జనం నడుస్తూనే ఉంటారు. ఆఖరికి ఆయన ఇచ్చిన ఉత్తర్వు ఇప్పుడు జిల్లా అంతటా నకళ్ళు తీసుకుని పాటిస్తున్నారు. తాళము, గేటు అనునవి వేర్వేరు స్వభావములు గలవి కావున వాటిని వేర్వేరు విభాగముల కింద నిర్వహించవలెను. తాళం పర్యవేక్షణ కేంద్రానిది. అది ఎల్లవేళలా పడి ఉండాలి. గేటు ఉద్యానవన విభాగానిది. అది ప్రజల అవసరాన్ని బట్టి తెరుచుకోవచ్చు. పక్క ఊరి కమిషనర్ గారు స్వయంగా వచ్చి, బార్లా తీసిన గేటునూ, స్తంభానికి కరుచుకున్న బిళ్ళనూ మార్చి మార్చి చూసి, నోటు పుస్తకంలో బొమ్మ గీసుకుని వెళ్ళారు. పార్కు కట్టకముందే తాళం కొంటున్నారని విన్నాం.

కూర్మారావు గారు కేంద్రంలోనే ఉన్నారు. సంఘటనలు లేవు కాబట్టి ఆయనకు తీరిక దొరికింది. వరండాలోని జనన మరణాల విభాగం వాళ్ళు తమ టేబుళ్ళు మెల్లగా లోపలికి జరుపుకుంటుంటే ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నారు. తెర పచ్చ వెలుతురులో వాళ్ళు పుట్టినవాళ్ళ పేర్లు రాసుకుంటున్నారు.

పత్రం సందట్లో పైడమ్మచేత గది ఖాళీ చేయించడం ఎవరికీ గుర్తు రాలేదు, ఇంతలో ఆమెకు కొత్త కాగితం వచ్చింది. అది నేనే పట్టుకెళ్ళాను. ఆమె కనకాంబరాల మడిలో కూర్చుని ఉంది. రాళ్ళు పెట్టిన మొదళ్ళలో సగం చిగిర్చాయి. మిగతా చోట కొత్త నారు పోస్తోంది.

"సదువు బాబూ" అంది, చేతులు మట్టిలోంచి తీయకుండానే.

చదివాను. గేటు ఉద్యానవన విభాగానికి బదిలీ అయినందున, సదరు గేటును తెరుచుటకును మూయుటకును ఒక ఉద్యోగి ఆవశ్యకత నూతనముగా గుర్తించడమైనది. ఆ పోస్టులో శ్రీమతి పైడమ్మను నియమించడమైనది. పాత సర్వీసు కొనసాగును. నివాసార్థం గేటు పక్క గది కేటాయించడమైనది.

"అంటే?"

"గేటు తియ్యాలి, మూయాలి. గదిలో ఉండాలి."

"మొక్కలకి నీల్లు పెట్టమని రాసినారా?"

కాగితం కింద దాకా చూశాను. వెనక్కి తిప్పి చూశాను. "లేదు పైడమ్మా. ఆ సంగతి ఎక్కడా రాయలేదు."

ఆమె మొహం విప్పారింది. లేచి, పైపు చుట్ట భుజానికెత్తుకుంది.

"మంచిదైంది బాబూ. రాయందయితే ఎవులూ ఆపరు" అని, నీళ్ళు వదలడానికి నూతి వైపు వెళ్ళిపోయింది.